అర్గిరో కానవాలో ఉమ్మరాదు

పిరేయస్,
1991 మార్చి 4

అక్కకి,

నువ్వు కులాసా అని తలుస్తాను. నేనూ కులాసాయే, మోకాలు తప్ప. మొన్నటికి నీ మరదలు ఎవాంథియా పోయి రెండేళ్ళు నిండాయి. చర్చిలో ప్రార్థన చేయించాను. పంచిపెట్టే తీపి గోధుమలు ఈసారి నేనే వండాను. అడుగంటాయి. అయినా అందరూ తిన్నారు. పోయినవాళ్ళ పేరు చెప్పి పెట్టింది బాగోలేదని ఎవరంటారు?

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు. వ్రెత్తోస్ అని ఇక్కడ ఒక హోటళ్ళాయన ఉన్నాడు. నాన్న మనిద్దరి పేరా రాసిపోయిన కానవాను కొంటానంటున్నాడు. కొండ తొలిచిన ఆ వైన్ గుహలో ఆరు గదులు కడతాడట. పీపాలుండే చోట మంచాలు వేస్తాడట. ద్రాక్ష తొక్కే తొట్టిని ఈతకొలను చేస్తాడట. కోపం తెచ్చుకోకు, పూర్తిగా చదువు. నీకు అరవై ఆరు. పనికున్న లినోస్ మావకి ఎనభై. మీ ఇద్దరికీ తోడు ఒక కంచరగాడిద, దాని వయసు దేవుడికే తెలియాలి. మీ ముగ్గురిలో ఎవరు ముందు ఆ మెట్ల మీంచి జారిపడతారా అని నాకిక్కడ బెంగ. అమ్మేసి నా దగ్గరికి వచ్చెయ్. వెనక గది నీకోసం బాగు చేయిస్తాను. కిటికీలోంచి ఓడలు కనిపిస్తాయి.

అమ్మాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. ఆలోచించి జవాబు రాయి. తిట్టడానికి మాత్రం రాయకు.

నీ తమ్ముడు
స్తమాతిస్


సాంతోరీని,
1991 మార్చి 17

ఒరే స్తమాతీ,

తిట్టడానికే రాస్తున్నాను.

ఈతకొలనా! ఈ ద్వీపంలో తాగడానికి నీళ్ళు ఓడలో వస్తాయి. ఆయనగారికి ఈదడానికి కావాలట. నువ్వు పుట్టిన నలభయ్యో రోజున నీకు నీళ్ళు పోసింది ఆ తొట్టిలోనేరా. ఈదలేదు నువ్వు, ఊరంతా వినపడేలా ఏడ్చావు. నాన్న ఆ గుహలో పీపా పక్కనే పడుకునేవాడు, వైన్ పులిసే చప్పుడు వింటే గానీ ఆయనకి నిద్ర పట్టేది కాదు. అక్కడ ఎవరో కొత్త దంపతులు దిండ్లు విసురుకుంటూ ఆడుకోవాలా?

నా ప్రాణం ఉన్నది ఆ కానవాలో. నీకు అది సగం ఆస్తి, నాకు అది పూర్తి రోజు. పొద్దున్నే దాని తలుపు తియ్యకపోతే నేనెందుకు లేచినట్టు?

అయినా నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని నాకు తెలుసు. అందుకని ఒక మాట. కింది ఊరివాళ్ళు ఓడల్లో వచ్చే జనాన్ని బస్సుల్లో తీసుకొచ్చి కానవాలు చూపిస్తున్నారు. తలా రెండు చుక్కలు రుచి చూపించి, సీసాలు అమ్ముతున్నారు. వాళ్ళ వైన్‌తో పాదిరిగారు చేతులు కూడా కడుక్కోరు, దానికే జనం ఎగబడుతున్నారు. నేనూ అదే చేస్తాను. ఒక్క వేసవి గడువివ్వు. అక్టోబరు ఇరవై రెండు, కొత్త పీపా తెరిచే అవెర్కియోస్ పండగ నాడు నువ్వే వచ్చి చూడు. కానవా నిండా జనం ఉంటే అమ్మకం మాట మళ్ళీ ఎత్తకూడదు. లేకపోతే నోరు మూసుకుని సంతకం పెడతాను.

ఆ వంకనైనా వస్తావు. అమ్మని పూడ్చిపెట్టిన మర్నాడు ఓడెక్కినవాడివి. పదకొండేళ్ళయింది.

అక్క
అర్గిరో

తా.క. గోధుమలు వండేటప్పుడు మంట తగ్గించాలి. ఆ మాత్రం తెలియదా?


పిరేయస్,
1991 ఏప్రిల్ 9

అక్కకి,

గడువు ఇచ్చాను. వ్రెత్తోస్‌ని అక్టోబరుదాకా ఆగమన్నాను, మొహం చిట్లించాడు.

చేస్తే పద్ధతిగా చెయ్యి. ముప్పై ఏళ్ళు రేవు కార్యాలయంలో గుమాస్తాగా చేసినవాణ్ణి, విదేశీయులతో ఎలా మెలగాలో నాకు తెలుసు. నీకోసం ఇక్కడ ఒక పెద్ద వైన్ కంపెనీకి చూడ్డానికి వెళ్ళినవాడిలా వెళ్ళి అన్నీ కనిపెట్టి వచ్చాను. వచ్చినవాళ్ళని నవ్వుతూ పలకరించాలి. ముందు తోట చూపించాలి, తర్వాత తొట్టి, తర్వాత పీపాలు, చివర్న రుచి. తెల్లది ముందు, తీపిది ఆఖర్న. అన్నిటికంటే ముఖ్యం, నువ్వు తక్కువ మాట్లాడాలి. మన తాతగారికీ ఎదురింటివాళ్ళకీ జరిగిన మేకల తగువు వాళ్ళకి అనవసరం.

ఓడ వంటవాడు నికిఫోరోస్ చేత రెండు డజన్ల చిన్న గ్లాసులూ ఒక స్టీలు బకెట్టూ పంపుతున్నాను. బకెట్టు ఎందుకంటే, రుచి తెలిసినవాళ్ళు వైన్ నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి, అందులో ఉమ్మేస్తారు. అది వాళ్ళ పద్ధతి. నువ్వు పట్టించుకోకు.

తమ్ముడు
స్తమాతిస్


సాంతోరీని,
1991 మే 30

స్తమాతీ,

గ్లాసులు అందాయి. రెండు పగిలాయి. మందు పోసుకునే గ్లాసుల్లా ఉన్నాయి, ఇందులో పోస్తే జనం జ్వరం తగ్గిందా అని అడుగుతారు. నేను నాన్న గ్లాసులే వాడుతున్నాను.

జనం వస్తున్నారురా! వారానికి నాలుగు బస్సులు. గైడు పిల్ల ఒకతె వెంట వస్తుంది, నేను చెప్పింది నాలుగు భాషల్లోకి మారుస్తుంది. మంచి పిల్ల. నేను అరగంట చెప్పింది రెండు ముక్కల్లో తేల్చేస్తుంది, అదొక్కటే లోపం.

మొదటి రోజు తోటలోకి తీసుకెళ్ళాను. పాతిక మంది నిలబడి నలుదిక్కులా చూస్తున్నారు. చివరికి ఒకాయన అడిగాడు: "అమ్మా, ద్రాక్షతోట ఎక్కడ?"

"నీ కాళ్ళ కింద, నాయనా. ముందు ఆ కాలు తియ్యి!" అన్నాను.

వాళ్ళ దేశంలో తీగలు నిలబడి ఉంటాయట, సిపాయిల్లా వరసల్లో. ఈ గాలికి నిలబడితే ఏం మిగులుతుంది? తీగని బుట్టలా అల్లి నేలకి ఆనిస్తామని, కాయ ఆ బుట్టలో దాక్కుని పండుతుందని చెప్పాను. అప్పుడు అందరూ మోకాళ్ళ మీద కూర్చుని బుట్టల్లోకి తొంగి చూశారు. ఒకావిడ మాత్రం తన సంచీ అందులో పెట్టింది.

ఇక నీ బకెట్టు. ఏం మనుషులురా నువ్వు స్నేహం చేసేవాళ్ళు! పదిహేను రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. రోజూ సాయంత్రానికి సగం బకెట్టు. లినోస్ మావ తీసుకెళ్ళి ఎక్కడో పోస్తాడు. నిన్న బెల్జియం ఆయన వచ్చాడు, ఇంత ముక్కు. గ్లాసు వెలుతురుకి పట్టి చూశాడు. ముక్కు దూర్చి వాసన చూశాడు. నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళ తీపి వైన్ అది, అమ్మ చేత్తో ఎండబెట్టిన ద్రాక్షది. ఆ మొహం చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకి ఒకడు దొరికాడనుకున్నాను. ఆ తర్వాత వంగి బకెట్లో ఉమ్మాడు!

చేతిలో గ్లాసు లాక్కున్నాను. "బాగోలేకపోతే బాగోలేదని చెప్పు. మా అమ్మ కష్టాన్ని ఉమ్ముతావా?" అన్నాను. గైడు పిల్ల దీన్ని రెండు ముక్కల్లో చెప్పలేకపోయింది. ఆయన ఎర్రబడ్డాడు, ఆయన భార్య నవ్వింది, బస్సు వెళ్ళిపోయింది.

ఇవాళ తలుపు మీద బోర్డు రాయించాను, నాలుగు భాషల్లో: 'అర్గిరో కానవాలో ఉమ్మరాదు'. బకెట్టు తీసేశాను.

నికిఫోరోస్ చేత ఒక సీసా వెనిగర్ పంపుతున్నాను, మన పీపాలోదే. సలాడ్‌లో వేసుకో. ఒంటరిగా ఉన్నానని ఉట్టి రొట్టె తినకు.

అక్క


పిరేయస్,
1991 జూన్ 21

అక్కకి,

ఉమ్మరాదని బోర్డు పెట్టిన వైన్ కానవా ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. అది తిట్టు కాదే అక్కా! రోజుకి పది చోట్ల తాగేవాళ్ళు అన్నీ మింగితే నడవగలరా? బెల్జియం వాళ్ళు తమలో తాము చెప్పుకుంటే నీ గుమ్మం ఇక ఎవరు తొక్కుతారు? బోర్డు తీసెయ్.

వెనిగర్ మాత్రం మహాద్భుతం. ఏం కలిపావు? అమ్మ చేసినదానికంటే బాగుంది. సలాడ్ దాకా ఆగలేదు, రొట్టె ముంచుకుని తినేశాను. చిన్న సీసాలో పోసి వ్రెత్తోస్‌కి కూడా ఇచ్చాను. ఆయన వేలితో నాకి, "దేశదేశాల రుచి ఉందండీ ఇందులో" అన్నాడు. ఇంకో రెండు సీసాలు పంపు.

స్తమాతిస్


సాంతోరీని,
1991 ఆగస్టు 3

స్తమాతీ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను. తర్వాత నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఏం కలిపావని అడిగావు కదా. నేనేం కలపలేదు. పీపా దగ్గరికి వెళ్ళి చూస్తే మే నెలలో ఉన్నదానికంటే ఎక్కువ ఉంది. వెనిగర్ తగ్గుతుంది గానీ పెరుగుతుందా? లినోస్ మావని పిలిచి అడిగాను.

"బకెట్లోది ఎక్కడ పోసేవాడివి?"

"ఎక్కడ పోస్తానమ్మాయ్? వెనిగర్ పీపాలో."

"ఉమ్మిన వైనా!"

"వైన్ పారబోస్తే పాపం కదూ? ఒకసారి నోట్లోకి వెళ్ళి వచ్చినంత మాత్రాన వైన్ కాకుండా పోతుందా?"

ఎనభై ఏళ్ళుగా ఈ రాళ్ళ మీద చుక్క నీళ్ళు కూడా వృథా చెయ్యని మనిషి. ఏమని తిట్టను? కాబట్టి ఆ వ్రెత్తోస్ చెప్పింది నిజమే. దేశదేశాల రుచీ ఉంది అందులో. ముక్కాయన బెల్జియం కూడా ఉండే ఉంటుంది.

పీపా బోర్లించి కడిగించాను. అసలు బాధ అది కాదు. ఉపవాసాలకని పాదిరిగారికి పెద్ద జాడీడు పంపాను. ఆయన ఆకుకూరల మీద అదే వేసుకుంటున్నారు, చర్చిలో అందరి ముందూ పొగిడారు కూడా. తప్పు చేస్తే ఒప్పుకోవాలి, నిజమే. కానీ ఈ ఊళ్ళో తప్పు ఒప్పుకోవాల్సింది ఆయన దగ్గరే. నెలరోజులుగా తలనొప్పని చర్చి ఎగ్గొడుతున్నాను.

బోర్డు తియ్యలేదు. తియ్యను. బెల్జియం ఆయన భార్యతో మళ్ళీ వచ్చాడు. అన్నీ మింగాడు. బస్సు దాకా లినోస్ మావే నడిపించుకెళ్ళాడు. ఇప్పుడు జనం ఆ బోర్డు పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. వారానికి ఏడు బస్సులు!

ఇక ఇంకో మాట. నికిఫోరోస్ చెప్పాడు. నీ ఇంటికి కొత్త మంచం మోసుకెళ్ళారట. లేసు తెరలట. నిలువుటద్దమట! అరవయ్యొక్క ఏళ్ళ మగవాడికి నిలువుటద్దం దేనికిరా? గుండు దువ్వుకోడానికా? ఏమిటి సంగతి? నాకు దాచకు.

అక్క


పిరేయస్,
1991 ఆగస్టు 20

అక్కకి,

వెనిగర్ గురించి నేనింకేమీ రాయను. సీసా పారబోశాను. రెండు రోజులు టీ కూడా సయించలేదు. వ్రెత్తోస్‌కి చెప్పలేదు, ఆయన అదే కావాలని రోజూ అడుగుతున్నాడు.

మంచం సంగతి నీదాకా వచ్చిందా? ఆ నికిఫోరోస్ నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పకుండా ఒక్కసారే చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. తెలిసిపోయాక దాచేదేముంది? అక్టోబరుకల్లా గది సిద్ధం. గులాబీరంగు వేయించాను. అక్కా, రెండేళ్ళుగా గోడకెదురుగా కూర్చుని తింటున్నాను. నాకిక చేతకాదు. ఎదురుగా కూర్చుని, ఉప్పెక్కువైందని తిట్టడానికైనా ఒక మనిషి కావాలి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనుకుంటాను.

నువ్వు సంతోషిస్తావని ఆశ.

స్తమాతిస్


సాంతోరీని,
1991 సెప్టెంబరు 8

శ్రీ స్తమాతిస్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీకు శుభాకాంక్షలు.

ద్రాక్షకోత అయిపోయింది. కాయ తక్కువ, రసం చిక్కన. ఈసారి వచ్చినవాళ్ళు మేమూ తొక్కుతామన్నారు. లినోస్ మావ తొట్టి దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కొక్కరి పాదాలూ పరీక్ష చేసి పంపాడు. ఒక డాక్టరుగారిని వెనక్కి పంపేశాడు.

గది గులాబీరంగని రాశారు. బాగుంటుంది. ఆవిడకి నచ్చితే అంతే చాలు. ఎవాంథియాకి మాత్రం ఆ రంగు గిట్టేది కాదు. ఇన్నాళ్ళూ నా మోకాళ్ళ గురించీ మెట్ల గురించీ మీరు పడ్డ బెంగ ఎవరికోసమో ఇప్పుడు తెలిసింది. నాన్న కానవా అమ్మితే గానీ మీ ఇంట్లో నిలువుటద్దం నిలబడదన్నమాట. ఆ మాట మొదటే చెబితే పోయేది.

ఇరవై రెండున వస్తే కొత్త పీపా తెరుస్తాము. రాకపోయినా తెరుస్తాము.

ఇట్లు
అర్గిరో


పిరేయస్,
1991 సెప్టెంబరు 26

అక్కా,

ఈ 'గారు' ఏమిటి, ఈ 'మీరు' ఏమిటి? మూడుసార్లు చదివాను. ఆవిడెవరు? ఎవరి గురించి రాస్తున్నావు? ఎండలో తోటలో తిరిగి నీకేమైనా అయిందా? లేక వెనిగర్ నువ్వు కూడా తిన్నావా?

నీకు గది ఇష్టం లేకపోతే ఇష్టం లేదని సూటిగా చెప్పు, ఎవాంథియాని మధ్యలోకి లాగకు.

నువ్వు కటువుగా మాట్లాడితే నేనూ కటువుగానే ఉంటాను. వ్రెత్తోస్ రాయించిన అమ్మకం కాగితం జతచేస్తున్నాను. దగ్గర పెట్టుకో. పండగకి వస్తాను. జనం ఉన్నారో లేదో నా కళ్ళతో చూసి, అప్పుడు తేలుస్తాను.

స్తమాతిస్


సాంతోరీని,
1991 అక్టోబరు 24

స్తమాతీ,

మళ్ళీ 'నువ్వు'లోకి వచ్చేశాను. మొన్నటి తర్వాత నిన్ను 'గారు' అనడం నావల్ల కాదు.

పండగ నాడు రేవులో లినోస్ మావని నిలబెట్టాను, నువ్వు దిగితే తీసుకురమ్మని. నువ్వు దిగలేదన్నాడు. దిగినవాళ్ళందరూ గైడు పిల్ల వెంట బస్సెక్కారన్నాడు. సరే, రాడు, పౌరుషం అనుకున్నాను. బస్సు వచ్చింది. నలభై ఒక్కమంది. ఎండకి ఎర్రగా కాలిన డచ్చివాళ్ళు. కానవా లోపలి గుమ్మం ఎంత ఎత్తో తెలుసు కదా. నేను జాగ్రత్త అని అరుస్తూనే ఉన్నాను, ఒక్కొక్కరూ తల కొట్టుకుంటూనే వచ్చారు. ఒక్కడు మాత్రం, పెద్ద టోపీ, నల్లకళ్ళద్దాలు, నేను అరవకముందే తల వంచి దూరాడు. చూడను కూడా చూడలేదు గుమ్మం వంక.

హాలెండులో పుట్టినవాడికి మన గుమ్మం ఎత్తు ఎలా తెలుస్తుందిరా?

తర్వాత చెవి చూశాను. నాలుగేళ్ళప్పుడు కంచరగాడిద కొరికిన చెవి. టోపీ కొనేటప్పుడు చెవులు కూడా కప్పేది కొనుక్కోవాలి.

నాకు ఒళ్ళు మండింది. దొంగలా జనాన్ని లెక్కపెట్టడానికి వచ్చాడు అనుకున్నాను. ఉండు నీ పని చెబుతానని, ఆ రోజు పీపాల గురించి తక్కువా నీ గురించి ఎక్కువా చెప్పాను. తొట్టి చూపించి, "ఇందులో నా తమ్ముడు ద్రాక్ష తొక్కుతూ పాడేవాడు. వాడి గొంతు విని గాడిదలు జవాబిచ్చేవి" అన్నాను. గైడు పిల్ల ఇంకా నోరు విప్పనేలేదు. టోపీవాడు కిసుక్కున నవ్వాడు. నలభై మంది నిశ్శబ్దంగా ఉన్నారు, నువ్వొక్కడివే నవ్వావు!

అప్పుడు నీ పెళ్ళి సంగతి చెప్పాను. "అరవై ఒకటో ఏట నా తమ్ముడు పెళ్ళి చేసుకుంటున్నాడు, కొత్త పెళ్ళికూతురి కోసమే ఈ కానవా అమ్ముతానంటున్నాడు" అన్నాను. డచ్చివాళ్ళు మంచివాళ్ళు. పెళ్ళికూతురి ఆరోగ్యం కోసమని అందరూ లేచి గ్లాసులెత్తారు. నువ్వూ ఎత్తావు. నోరు తెరుచుకుని ఎత్తావు.

ఇంకా చాలా అనాలనుకున్నాను. కానీ అంతలో తిండి వేళయింది. పప్పుముద్ద పెట్టాను, టమాటా వడలు పెట్టాను. నువ్వు తింటుంటే చూశాను. నలుగురి మధ్యా తల వంచుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు తిన్నావు. చొక్కాకి మూడు గుండీలు, మూడూ మూడు రంగుల దారాలతో కుట్టి ఉన్నాయి. మెడ సన్నబడిపోయింది. మూడుసార్లు వడ్డించాను. మూడుసార్లూ వద్దనలేదు. నా తమ్ముడు ఇలా అయిపోయాడా అని పీపా వెనక్కి వెళ్ళి ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి బస్సు కదిలిపోయింది.

స్తమాతీ, కానవా నిండింది. మాట ప్రకారం నేనే గెలిచాను. కానీ నువ్వు అలా తింటుంటే నాకెందుకీ గెలుపు? నాకు కానవా ప్రాణమే, కాదనను. నీకు మాత్రం ఎదురుగా కూర్చునే మనిషి కావాలి. అది పీపాలు చెయ్యలేవు. కాగితం మీద సంతకం పెట్టాను, ఇందులోనే ఉంది. అమ్ముకో. ఆవిడని పెళ్ళి చేసుకో. ఎవరైతే నాకేం? గుండీలు ఒకే రంగు దారంతో కుట్టమని చెప్పు.

నేను మాత్రం పిరేయస్ రాను. కొత్త కోడలూ పాత ఆడపడుచూ ఒక వంటింట్లో ఇమడరు. పాదిరిగారి పెరటివైపు ఒక గది ఖాళీగా ఉంది, అడిగాను. వెనిగర్ సంగతి కూడా అప్పుడే చెప్పేశాను. ఆయన గడ్డం నిమురుకున్నారు. తర్వాత, ఇంకా మిగిలిందా అని అడిగారు.

అక్క


పిరేయస్,
1991 అక్టోబరు 24

అక్కా,

తిట్టుకుంటూ చదువుతావని తెలుసు, అయినా చెప్పాలి. నేను వచ్చాను. పండగ నాడు నీ కానవాలోనే ఉన్నాను. టోపీ పెట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, డచ్చివాళ్ళ గుంపులో. నువ్వు నన్ను గుర్తుపట్టలేదు!

నిజం చెప్పనా, కొంచెం కష్టమనిపించింది. తోడబుట్టినదానివి, మూడుసార్లు నా పళ్ళెంలో వడ్డించావు, ఒక్కసారైనా మొహం చూడలేదు. పదకొండేళ్ళలో ఇంత మారిపోయానా? సర్లే, నా వేషం అంత బాగా కుదిరిందనుకుంటాను.

వేషం ఎందుకంటే, నా ఎదుట నువ్వు పోట్లాడతావు. నేను లేనప్పుడు ఎలా ఉంటావో చూద్దామనుకున్నాను. నా పక్కన తలకి కట్టు కట్టుకుని నిలబడ్డ పొడుగాయన వ్రెత్తోస్. గుమ్మానికి అందరికంటే గట్టిగా కొట్టుకున్నది ఆయనే. నువ్వు మాట్లాడుతుంటే ఆయన జేబులోంచి టేపు తీసి తొట్టి కొలుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గైడు పిల్లతో నువ్వన్నావు: "ఇందులో సగం నాది, సగం మా వాడిది. వాడు పిరేయస్ వెళ్ళి ముప్పై ఏళ్ళయింది. వాడి సగం కూడా రోజూ నేనే తుడుస్తాను, వచ్చినప్పుడు దుమ్ము ఉండకూడదు కదా" అని. వ్రెత్తోస్ నా చెవిలో, "ఇక్కడ నాలుగడుగుల లోతు వస్తుంది" అన్నాడు.

రేవుకి దిగగానే ఆయనకి కుదరదని చెప్పేశాను. పిచ్చివాడా అన్నాడు. వెనిగర్ దేనితో చేసిందో కూడా చెప్పాను, అప్పటినుంచి మాట్లాడటం లేదు.

ఇక పెళ్ళి. గ్లాసెత్తి నా పెళ్ళికి నేనే తాగాను అక్కా, పెళ్ళికూతురెవరో తెలియకుండా! ఓడలో సగం దూరం వచ్చాక గానీ నాకు వెలగలేదు, నువ్వు 'గారు' అని ఎందుకు రాశావో. ఏ ఆవిడా లేదు, మొద్దూ. ఆ మంచం నీకు. లేసు తెరలు నీకు. చిన్నప్పుడు పెళ్ళివారి ఇంట్లో నిలువుటద్దం చూసి, అలాంటిది నాకొకటి ఉంటే అని నువ్వన్నావు. అందుకని కొన్నాను. ఎదురుగా కూర్చుని తిట్టే మనిషన్నది నీ గురించే. అలా తిట్టడం ఇంకెవరికి వచ్చు?

నీ మోకాళ్ళ గురించి భయమని రాశాను చూడు, అదంతా సగమే నిజం. నాకే ఒంటరిగా ఉండటం భయం. ఆ మాట రాయడానికి సిగ్గేసి కానవా అమ్ముదామని రాశాను. కానవా పోతే నువ్వు వస్తావని. ఎంత నీచమో నువ్వు నా సగం తుడుస్తానన్నప్పుడు తెలిసింది.

కానవా నీది. ఇక ఎవరూ అడగరు. నేనిక్కడ అలవాటు పడతాను. అప్పుడప్పుడు పొడుగు ఉత్తరం రాయి, అంతే చాలు. మేకల తగువు గురించైనా సరే.

నీ తమ్ముడు
స్తమాతిస్

తా.క. బోర్డు తియ్యకు. గుంపులో ఒక్కరూ ఉమ్మలేదు.


సాంతోరీని,
1991 అక్టోబరు 30

ఒరే స్తమాతీ,

నా ఉత్తరం ఈపాటికి అంది ఉంటుంది. గుర్తుపట్టిందో లేదో చదివి సిగ్గుపడు. ఆ కాగితం చింపి పొయ్యిలో వెయ్యి.

మూడు రోజులుగా నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. లినోస్ మావకి చదివి వినిపించాను. "అంత చదువుకున్నవాడు, రమ్మంటే వస్తానని ఒక్క ముక్క రాయలేకపోయాడా?" అన్నాడు. నేనూ ఒక్క ముక్క రాయలేదు, ముప్పై ఏళ్ళుగా. నువ్వే అడుగుతావని నేను, నేనే పిలుస్తానని నువ్వు. ఇద్దరం ఒక అమ్మ కడుపునే పుట్టాం, ఎవరిని అనాలి?

నేనూ గోడకెదురుగానే తింటున్నానురా. నువ్వు బెంగపడతావని రాయలేదు.

అందుకని ఇప్పుడు నేను పిలుస్తున్నాను. చూడ్డానికి కాదు, ఉండటానికి రా. వచ్చే వారం గురువారం ఓడ పొద్దున్న తొమ్మిదింటికి వస్తుంది. లినోస్ మావని పంపను, రేవుకి నేనే దిగుతాను. ఈసారి గుంపుతో కలిసి రాకు. ఒక్కడివే రా. దిగగానే 'అక్కా' అని గట్టిగా పిలువు, అందరికీ వినపడాలి.

అక్క